రోడ్డు వెడల్పయ్యాక ప్రమాదాలు ఎందుకు పెరుగుతాయి? రెండు వరుసల స్టేట్ హైవే లోపలి లెక్కలు

"గతుకుల రోడ్డే నయం, బాగుచేశాకే జనం ఎక్కువ పడిపోతున్నారు." కొత్త రోడ్డు పడ్డ ప్రతి ఊళ్ళో ఈ మాట వినిపిస్తుంది. రోడ్లు వేసేవాళ్ళకు ఇది నచ్చదు గానీ, కొట్టిపారేయాల్సిన మాట కాదు. 5.5 మీటర్ల పాత తారు రోడ్డు మీద గంటకు 40, 50 కిలోమీటర్లతో పోయిన బండి, అదే రోడ్డు పది మీటర్లకు పెరిగి నున్నబడితే 80, 90తో పోతుంది. ఊరు మాత్రం ఉన్నచోటే ఉంది. బడి, బస్టాపు, టీ కొట్టు, పొలంలోంచి గట్టెక్కి రోడ్డు మీదికొచ్చే ట్రాక్టరు, అన్నీ పాతవే. మారింది వేగం ఒక్కటే.

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో రాష్ట్ర రహదారుల మీద పోయిన ప్రాణాలు 41,012, అంటే దాదాపు నాలుగింట ఒకటి. అన్ని రోడ్లూ కలిపి చూస్తే మృతుల్లో ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్ళు 44.5 శాతం, నడిచి వెళ్ళేవాళ్ళు 19.5 శాతం. వందలో 64 మందికి చుట్టూ ఇనుప బాడీ లేదు, సీటు బెల్టు లేదు, ఎయిర్‌బ్యాగు లేదు. మన రోడ్ల డిజైన్ ఎవర్ని దృష్టిలో పెట్టుకుని చేయాలో ఈ ఒక్క లెక్క చెబుతుంది.

జాతీయ రహదారికి బైపాసులు, సర్వీసు రోడ్లు, అండర్‌పాసులు కట్టే స్తోమత ఉంటుంది. పంచాయతీ రోడ్డు మీద వేగం పెద్దగా ఉండదు. స్టేట్ హైవే ఈ రెంటి నడుమ చిక్కుకుంది. దాని మీద పరుగు జాతీయ రహదారిది, దాని పక్కన బతుకు పల్లెటూరిది. హైదరాబాద్–కరీంనగర్–రామగుండం రాజీవ్ రహదారి, నార్కట్‌పల్లి–అద్దంకి–మేదరమెట్ల రోడ్డు లాంటివి నాలుగు వరుసలై టోలు రోడ్లుగా మారాయి. రెండు వరుసల్లోనే ఉండి, రోజూ జనాన్నీ సరుకునూ మోసే మిగతా స్టేట్ హైవేల గురించే ఈ వ్యాసం.

లెక్కింపు ఏ నెలలో జరిగింది?

రోడ్డు ఎంత వెడల్పు ఉండాలో, ఎంత మందం ఉండాలో తేల్చేది ట్రాఫిక్ లెక్క. ఏడు రోజులు, రాత్రీపగలూ, ఒక్కో రకం బండిని విడివిడిగా లెక్కపెట్టాలి. రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (ఐఆర్‌సీ) పద్ధతి ప్రకారం ఏడాదికి రెండుసార్లు లెక్కించాలి, అందులో ఒకటి కోతల కాలంలో. డీపీఆర్ (సవివర ప్రాజెక్టు నివేదిక) తొందరలో ఈ కోతల కాలం లెక్కే జారిపోతుంది. వరికోతలప్పుడు మిల్లుకు వెళ్ళే లారీలు, మిర్చి సీజన్లో గుంటూరు యార్డు దారి పట్టే బండ్లు, చెరకు ట్రాక్టర్లు జూలైలో లెక్కపెడితే కనబడవు.

బండ్లన్నిటినీ కారు లెక్కలోకి మార్చి కలుపుతారు. కారుకు 1, మోటారు సైకిలుకు 0.5, లారీకీ బస్సుకూ 3, ట్రాలీ తగిలించిన ట్రాక్టరుకు 4.5, ఎడ్లబండికి 8. ట్రాక్టరు ట్రాలీ లారీ కంటే చిన్నది కదా, అంకె ఎందుకు పెద్దది? అది నెమ్మదిగా పోతూ వెనకున్న బారునంతా ఆపుతుంది గనక. వెనకున్నవాడు విసిగి ఎదురు వరుసలోకి దూరడం అక్కడే మొదలవుతుంది. వెడల్పు కోసం వేసే ఈ లెక్కలో ప్రమాదం జాడ కూడా ఉంది, ఆ కంటితో చూసేవాళ్ళు తక్కువ.

మందం తేల్చే లెక్క వేరు. అక్కడ కార్లూ బైకులూ లెక్కలోకే రావు. మూడు టన్నులు, ఆపైన బరువుండే బండ్ల యాక్సిల్ (ఇరుసు) మోత ఒక్కటే ముఖ్యం. 80 కిలోన్యూటన్లు, అంటే సుమారు 8.16 టన్నుల యాక్సిల్‌ను ప్రామాణికంగా తీసుకుంటారు. బరువు పెరిగితే రోడ్డుకు జరిగే నష్టం దాదాపు నాలుగో ఘాతంలో పెరుగుతుంది. యాక్సిల్ మీద మోత రెట్టింపైతే నష్టం రెండింతలు కాదు, పదహారింతలు.

ఒక ఉదాహరణ చూద్దాం. రెండు దిక్కులా కలిపి రోజుకు 600 భారీ వాహనాలు, ఏటా 5 శాతం పెరుగుదల, స్టేట్ హైవేకు ఐఆర్‌సీ–37 చెప్పే 20 ఏళ్ళ ఆయుష్షు. రెండు వరుసల రోడ్డు కాబట్టి సగం మోత ఒక వరుస మీద పడుతుందనుకోవాలి. సరైన తూకం సర్వే లేనిచోట మైదాన ప్రాంతంలో ఇంత ట్రాఫిక్‌కు ఒక్కో బండి 3.9 ప్రామాణిక యాక్సిళ్ళకు సమానమని అదే కోడ్ సూచిస్తుంది. గుణిస్తే 20 ఏళ్ళలో 1 కోటి 41 లక్షల ప్రామాణిక యాక్సిళ్ళు. రోడ్డు మందం దానికి సరిపడా వేశారు. కానీ అది చీమకుర్తి వైపు గ్రానైట్ లారీలు తిరిగే దారిలాంటిదో, ఇసుక రేవు దారో అయి, అసలు అంకె 3.9 కాక 8 అయితే? ఆ 1 కోటి 41 లక్షలు పన్నెండేళ్ళకే పూర్తయిపోతాయి. కాంట్రాక్టరు ఒక్క కంకర రాయి కూడా దొంగిలించకపోయినా రోడ్డు ఎనిమిదేళ్ళు ముందే చస్తుంది. అందుకే భారీ బండ్లలో కనీసం 20 శాతాన్ని కాటా మీదికెక్కించి తూచాలి. కోడ్‌లోని అంకె తూకం వీలుకానప్పటి కోసం, తూకం మానేయడానికి కాదు.

భూమి, స్తంభాలు, రెండు మూరల ముక్క

జాతీయ రహదారుల చట్టం 1956 కింద 3డీ సెక్షన్ ప్రకటన గెజిట్‌లో వస్తే భూమి కేంద్రానికి దఖలు పడుతుంది. స్టేట్ హైవేకు ఆ దారి లేదు. 2013 భూసేకరణ చట్టం కింద 11వ సెక్షన్ నోటిఫికేషన్, అభ్యంతరాలు, 19వ సెక్షన్ డిక్లరేషన్, ఆ తర్వాత ఏడాదిలోపు అవార్డు రావాలి. మార్కెట్ విలువను పల్లెల్లో ఒకటి నుంచి రెండు రెట్ల వరకు లెక్కగట్టి, దాని మీద నూరు శాతం సొలేషియం, అంటే అదనపు పరిహారం, కలపాలి. రైతుకు ఇది న్యాయమైన చట్టం. అయితే అవార్డు సొమ్ము బడ్జెట్లో విడుదల కాకుండానే రోడ్డు టెండరు పిలిస్తే రోడ్డు ముక్కలవుతుంది. మూడు కిలోమీటర్లు పది మీటర్ల వెడల్పు, తర్వాత నాలుగు వందల మీటర్లు పాత ఐదున్నర మీటర్లు, మళ్ళీ పది. రాత్రిపూట 80తో వచ్చే డ్రైవరుకు ఆ రోడ్డు ఉన్నట్టుండి సగానికి కుంచించుకుపోతుంది. భూమి చేతికి రాని చోట పని ఆపక తప్పదు. ఆ సందు రెండు చివర్లా వెడల్పును క్రమంగా తగ్గిస్తూ గీతలు, పసుపు–నలుపు గుర్తులు, మెరిసే స్టడ్లు పెట్టకపోవడం మాత్రం క్షమించరానిది. వాటికి భూమి అక్కర్లేదు.

విద్యుత్ స్తంభాల కథా ఇలాంటిదే. వాటిని జరపడానికి ఎస్టిమేటు వేరు, డిపాజిట్ వేరు, చేసే శాఖ వేరు. స్తంభం కదలకుండానే తారు దాని చుట్టూ వచ్చేస్తుంది. పక్కకు తప్పుకోమని వేసిన అదనపు మీటరున్నర తారులో, బైకు నడిచే చోటే, స్తంభం నిలబడి ఉంటుంది. స్తంభాలు జరిగాకే ఆ ముక్కలో పేవర్ (తారు పరిచే యంత్రం) దిగాలనే షరతు ఒప్పందంలోనే ఉండాలి. నోటి మాటగా ఉంటే అది నిలవదు.

చెట్ల విషయం ఇంకా కష్టం. హైదరాబాద్–బీజాపూర్ రోడ్డు విస్తరణ చేవెళ్ల మర్రిచెట్ల దగ్గర గ్రీన్ ట్రిబ్యునల్ వరకు వెళ్ళి ఏళ్ళ తరబడి నిలిచింది. చెట్లు కావాలి, వెడల్పూ కావాలి అన్నప్పుడు పాత రోడ్డును ఒక దిక్కుకు ఉంచి, రెండో వరుసను చెట్ల అవతల వేయొచ్చు. దానికి భూమి కొంచెం ఎక్కువ పడుతుంది. ఆ నిర్ణయం రోడ్డు ఎటు పోవాలో గీసే అలైన్‌మెంట్ దశలో తీసుకుంటే కాగితం మీద గీత మార్చితే చాలు. పని మొదలయ్యాక అయితే కోర్టు కేసు.

ఇక వెడల్పు ఎటు పెంచాలి? ఇరుపక్కలా సమానంగా పెంచితే మధ్య గీత మారదు, భూమి ఇద్దరు రైతుల దగ్గరా కొంచెం కొంచెం పోతుంది, అందరికీ సమ్మతం. కానీ ఐదున్నర మీటర్లను ఏడు మీటర్లు చేయాలంటే ఒక్కో పక్క వచ్చేది ముప్పావు మీటరు. పెద్ద వైబ్రేటరీ రోలర్ డ్రమ్ము వెడల్పే రెండు మీటర్లకు పైన. అది ఆ సందులో దిగదు. మట్టి, కంకర, మీద తారు, అన్నీ సగం తొక్కుడుతో ఉండిపోతాయి. రెండో వానాకాలానికి పాత తారు, కొత్త తారు కలిసే చోట రోడ్డు పొడవునా చీలిక కనబడుతుంది. లారీ ఎడమ చక్రాలు సరిగ్గా అక్కడే నడుస్తాయి. ఒకే పక్కకు పెంచితే రోలర్ పనిచేసే జాగా వస్తుంది, పాత కాలువ ఒకవైపు చెక్కుచెదరదు. వీలున్న ప్రతిచోటా ఒకే పక్కకు పెంచడమే మేలు. ఇరుపక్కలా పెంచక తప్పనప్పుడు రోలర్ పట్టేంత మేర పాత అంచును కూడా తవ్వి, మట్టిని మెట్లు మెట్లుగా, ఒక్కో మెట్టు కనీసం 300 మిల్లీమీటర్లు ఉండేలా చెక్కి కలపాలి. మెట్లు కొట్టకుండా వాలు మీద మట్టి పోస్తే అది జారుతుంది.

నీళ్ళు పోయే దారి

మన దగ్గర రోడ్లు పాడయ్యేది ఎక్కువగా నీళ్ళవల్ల. పునాదిగా పడే 500 మిల్లీమీటర్ల సబ్‌గ్రేడ్ మట్టిని నాలుగు రోజులు నీళ్ళలో నానబెట్టి, ఎంత బరువు ఆపుతుందో చూసే సీబీఆర్ పరీక్ష చేస్తారు. రోజుకు 450 భారీ వాహనాలు దాటే రోడ్డుకు ఆ అంకె 5 శాతానికి తగ్గకూడదు. నల్లరేగడి ఈ పరీక్షలో నిలవదు. ఎండాకాలం చెయ్యి పట్టేంత నెర్రెలు ఇచ్చి, వానాకాలం ఉబ్బే నేల అది. ఉబ్బుదల సూచీ 50 శాతం దాటిన మట్టిని గట్టుకు వాడకూడదు. తవ్వి తీసి మొరమో గ్రావెలో నింపాలి, అది దూరమైతే సున్నం కలిపి కుదుటపరచాలి. కృష్ణా, గోదావరి డెల్టాల్లో కాలువ గట్ల మీది రోడ్లకు మరో కొలత ఉంది. సబ్‌గ్రేడ్ అడుగు, వరద నీళ్ళు చేరే అత్యధిక మట్టానికి కనీసం 0.6 మీటర్లు పైన ఉండాలి.

సబ్‌గ్రేడ్ మీద పడే జీఎస్‌బీ అనే కంకర–ఇసుక పొరకు రెండు పనులు. బరువు మోయాలి, పైనుంచి దిగిన నీటిని పక్కకు పంపాలి. రెండో పని కోసం అందులో సన్నపొడి, అంటే 75 మైక్రాన్ల జల్లెడలోంచి దిగేది, 5 శాతం మించకూడదు. క్రషర్ దగ్గర డస్టు ఎక్కువ కలిపిన మెటీరియల్ రోలర్ కింద గట్టిగా, అందంగా కూర్చుంటుంది. చూసినవాళ్ళు మెచ్చుకుంటారు. కానీ దానిలోంచి నీళ్ళు పోవు. ఇంకో తప్పు ఇంతకంటే ఎక్కువగా కనబడుతుంది. జీఎస్‌బీ పొర గట్టు వాలు దాకా వెళ్ళి బయటికి తేలాలి. దాన్ని తారు వెడల్పు వరకే వేసి, పక్కన బెర్మ్‌ను, అంటే తారు పక్క మట్టి అంచును, బంకమట్టితో నింపేస్తే రోడ్డు కింద తొట్టి తయారవుతుంది. దిగిన నీరు అక్కడే నిలిచి, లారీ పోయిన ప్రతిసారీ కింద మట్టిని మెత్తబరుస్తుంది. వాన వెలిసిన రెండు రోజులకు కూడా తారు చీలికల్లోంచి బురద నీరు పైకి ఉబుకుతుంటే కింద తొట్టి ఉన్నట్టే. అక్కడ ఎన్నిసార్లు ప్యాచ్ వేసినా నిలవదు. బెర్మ్‌ను అడ్డంగా తవ్వి నీటికి దారి ఇవ్వాలి.

తారు దగ్గర తేడా వచ్చేది ఉష్ణోగ్రతలో. వీజీ–30 రకం తారుతో కలిపిన మిక్స్ ప్లాంటులో 150–165 డిగ్రీలు ఉండాలి, పేవర్ పరిచేటప్పుడు 140కి తగ్గకూడదు, రోలింగ్ 90 డిగ్రీలకు దిగేలోపు పూర్తికావాలి. ప్లాంటు 60 కిలోమీటర్ల దూరంలో ఉండి, టిప్పర్ మీద టార్పాలిన్ కప్పకుండా తెల్లవారుజామున చలిలో తెస్తే పైభాగం గడ్డకట్టి వస్తుంది. ఆ గడ్డలు పడ్డ చోట ఎంత తొక్కినా సందులు మిగులుతాయి. సందుల్లోకి నీళ్ళు, నీళ్ళ వెనక కంకర ఊడడం, తర్వాత గుంత. మొదటి వానకే రోడ్డంతా కాకుండా అక్కడక్కడ ఒకే కొలత మచ్చల్లా గుంతలు పడితే చల్లారిన లోడ్లను అనుమానించాలి. ఒక్కో టిప్పర్‌లో థర్మామీటరు గుచ్చి రాసుకునే పుస్తకం సైటులో ఉందా అని అడిగే హక్కు ఊరివాళ్ళకూ ఉంది.

మలుపులో ఎనిమిది మీటర్లు

మైదానంలో స్టేట్ హైవేను గంటకు 100 కిలోమీటర్లకు, వీలుకాకపోతే 80కి డిజైన్ చేస్తారు. 80కి మలుపులో రోడ్డును అడ్డంగా లోపలి వైపుకు 7 శాతం వాల్చినా మలుపు వ్యాసార్ధం 230 మీటర్లకు తగ్గకూడదు. ఆ వేగంలో అడ్డం చూసి ఆపడానికి 120 మీటర్లు కావాలి. ఎదురుగా బండి వస్తుండగా ముందున్నదాన్ని దాటాలంటే 470 మీటర్లు కనబడాలి. పాత రోడ్ల మలుపుల్లో ఈ 470 దొరకడం అరుదు. అందుకే అక్కడ మధ్య గీత తెగకుండా ఉండాలి.

ఆ 120 మీటర్ల చూపు రోడ్డు మీదే దొరకదు. 230 మీటర్ల మలుపులో 120 మీటర్ల ముందుకు కనబడాలంటే, లోపలి వరుస మధ్య నుంచి పక్కకు దాదాపు 7.8 మీటర్లు ఖాళీగా ఉండాలి. ఆ ఎనిమిది మీటర్లలో ఏముంటుంది? సర్కారు తుమ్మ. లేదా ఫ్లెక్సీ బోర్డు. లేదా మలుపులోనే పెట్టిన కొట్టు. ఆర్ అండ్ బీ హద్దు రాయికి లోపలే ఉండే ఆ తుమ్మను ఏడాదికి రెండుసార్లు, వానల తర్వాత ఒకసారీ సంక్రాంతికి ముందు ఒకసారీ, కొట్టించడం కంటే చవకైన భద్రత ఇంకోటి లేదు. లక్షలు పెట్టి మలుపు సరిచేసే ముందు కత్తితో సరిచేయగలిగింది చేయాలి.

చట్టం దృష్టిలో ఇలాంటి రోడ్డు మీద కారుకు గరిష్ఠ వేగం 70, బైకుకూ లారీకీ 60. డిజైన్ వేగం 100. తిన్నగా, వెడల్పుగా, నున్నగా ఉన్న రోడ్డు డ్రైవరుకు 100తో పొమ్మని చెబుతుంటే పక్కన బోర్డు 60 అంటుంది. మనిషి రోడ్డు చెప్పిందే వింటాడు. కాబట్టి వేగం తగ్గాల్సిన చోట రోడ్డు రూపమే మారాలి.

ఊరి మొదట్లో

ఆ చోటు ఊరు. ఊరు రాబోతోందని వంద మీటర్ల ముందు నుంచే తెలియాలి. అడ్డగీతలు దగ్గరదగ్గరగా వస్తూ ఉండాలి, బెర్మ్ పోయి కర్బు రావాలి, వరుసలు కొంచెం ఇరుకవ్వాలి, వీలైనచోట మధ్యలో చిన్న దిమ్మె ఉండి నడిచేవాళ్ళు సగం దాటి ఆగగలగాలి. మురుగు కాలువ రోడ్డు అంచుకు పక్కా కట్టడంగా రావాలి, పైన పలకలు పడితే అదే కాలిబాట. ఊళ్ళో తారుకు బదులు సిమెంటు కాంక్రీటు వేయడానికి కారణం కూడా మురుగే. కుళాయి నీరు, ఇళ్ళ నీరు రోజూ పారే చోట తారు బతకదు.

ఊళ్ళో ఒక మరణం జరిగితే ధర్నా, మర్నాటికి స్పీడ్ బ్రేకరు. ఆ బాధ న్యాయమైనదే, కానీ ఆ రాత్రి పడే గుట్ట సాధారణంగా అడుగు వెడల్పు, జానెడు ఎత్తు, రంగు లేదు, బోర్డు లేదు. ఐఆర్‌సీ–99 చెప్పే గుట్ట 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు, 17 మీటర్ల వ్యాసార్ధపు ఒంపు. దాన్ని 25 కిలోమీటర్లతో దాటితే ఒళ్ళు కదలదు, ఎక్కువతో వస్తే తెలుస్తుంది. అడుగు వెడల్పు గుట్ట నెమ్మదిగా వచ్చే ముసలాయన నడుము విరుస్తుంది, చీకట్లో వచ్చే బైకును ఎగరేస్తుంది. పైగా గుట్ట ఉండాల్సింది హైవే మీద కాదు, హైవేలో కలిసే పల్లె రోడ్డు మీద.

ఆ పల్లె రోడ్డు కలిసే చోటే రోడ్డు విస్తరణ చేసే అతి పెద్ద హాని. హైవేను అర మీటరు లేపుతారు. పల్లె రోడ్డును లేపే ఐటమ్ ఎస్టిమేటులో ఉండదు. చివరి నాలుగైదు మీటర్లలో ఏటవాలు పడుతుంది. వడ్లు నింపిన ట్రాలీతో ట్రాక్టరు ఆ ఏటవాలులో ఆగితే మళ్ళీ కదిలించడం కష్టం. అందుకని డ్రైవరు ఆగకుండా ఒక్క ఊపున హైవే ఎక్కుతాడు. అతణ్ణి నిర్లక్ష్యం అంటాం, కానీ ఆగలేని చోటు కట్టింది మనం. కనీసం ట్రాక్టరూ ట్రాలీ నిలబడేంత మేర, పది పదిహేను మీటర్లు, పల్లె రోడ్డు హైవే మట్టానికి చదునుగా రావాలి, ఆపైనే వాలు. రెండు పల్లె రోడ్లు ఎదురెదురుగా కలిసి కూడలి అయ్యే చోట, ఒకదాన్ని కొంత దూరం జరిపి రెండు విడి టీ జంక్షన్లు చేస్తే నేరుగా అడ్డంగా దూసుకుపోయే వాహనం ఉండదు. బస్సు ఆగే చోట్లు జంక్షన్ దాటాక ఉండాలి, ఎదురెదురుగా ఉండకూడదు.

పాత కల్వర్టు గురించి తప్పక చెప్పాలి. రోడ్డు పది మీటర్లకు పెరుగుతుంది, కల్వర్టు పాత ఏడు మీటర్ల పిట్టగోడలతో అలాగే ఉంటుంది. దాన్ని పెంచడానికి విడి మంజూరు కావాలంటారు. అంచు వెంట వస్తున్న బైకుకు ఎదురుగా రాతి గోడ. గోడ మీద సున్నం కూడా ఉండదు. విస్తరణలో కల్వర్టులన్నీ గట్టు పూర్తి వెడల్పుకు సాగాలి. సాగేదాకా గోడ మొనల దగ్గర పసుపు–నలుపు చారల పలకలు, ముందు నుంచే వాలుగా గీత ఉండి తీరాలి.

ఎత్తైన గట్ల మీద పెట్టే డబ్ల్యూ బీమ్ కంచెకూ సరైన పద్ధతి ఉంది. మూడు మిల్లీమీటర్ల రేకు, రెండు మీటర్లకొక స్తంభం, నేల పైన 70 సెంటీమీటర్లు, లోపల 1.1 మీటర్లు. బీముకూ స్తంభానికీ మధ్య ఎడం ముక్క ఉండాలి, లేకపోతే చక్రం స్తంభానికి చిక్కుకుంటుంది. ఒక రేకు మీద ఇంకో రేకు వచ్చే అతుకు, బండ్లు పోయే దిక్కుకు అనుగుణంగా ఉండాలి. తిరగేసి బిగిస్తే అతుకు అంచు బండిని కోస్తుంది. కంచె మొదలయ్యే కొనను రోడ్డు వైపు మొనలా వదిలేయకూడదు. అది కారు ముందు అద్దంలోంచి బల్లెంలా దిగుతుంది. కొనను గట్టు వైపు వంచి నేలలో బిగించాలి. ఎడం ముక్క, అతుకు, కొన, ఈ మూడూ నడుచుకుంటూ వెళ్ళి కంటితో చూసి చెప్పొచ్చు, ఏ పరికరమూ అక్కర్లేదు.

ఆడిట్ ఎప్పుడు, ఎవరు?

ఐఆర్‌సీ ఎస్పీ–88 ప్రకారం రోడ్ సేఫ్టీ ఆడిట్ డిజైన్ దశ నుంచే మొదలై, పని జరిగేటప్పుడు, ప్రారంభానికి ముందు, వాడుకలో ఉన్నప్పుడు కూడా జరగాలి. చేసేవాళ్ళు ఆ డిజైన్ గీసినవాళ్ళు కాకూడదు. ఇందులో ఎక్కువ ఫలం ఇచ్చేది డిజైన్ దశ ఆడిట్. అప్పుడు జంక్షన్ జరపడానికి ఖర్చు ఉండదు. ప్రారంభానికి ముందు చేసే ఆడిట్‌లో బోర్డులూ గీతలూ తప్ప మార్చగలిగింది మిగలదు. ఆడిటర్ రాసిన ప్రతి లోపానికీ ఇంజినీరు ఒప్పుకుంటున్నదీ లేనిదీ, ఒప్పుకోకపోతే ఎందుకో లిఖితంగా జవాబివ్వాలి. ఆ జవాబుల కాగితం లేని ఆడిట్ సగమే. 2019 మోటారు వాహనాల సవరణతో వచ్చిన 198ఏ సెక్షన్ రోడ్డు డిజైన్, నిర్మాణం, నిర్వహణ ప్రమాణాలు పాటించక మరణమో వైకల్యమో జరిగితే బాధ్యులకు లక్ష రూపాయల వరకు జరిమానా విధిస్తుంది. ఆ జవాబుల కాగితానికి అప్పుడు విలువ తెలుస్తుంది.

బ్లాక్‌స్పాట్ అంటే జాతీయ రహదారుల లెక్కలో సుమారు 500 మీటర్ల ముక్కలో మూడేళ్ళలో మరణమో తీవ్ర గాయమో అయిన 5 ప్రమాదాలు, లేదా 10 మరణాలు. ఈ కొలత స్టేట్ హైవేకు అక్షరాలా వాడితే చాలా చోట్లు తప్పిపోతాయి. ఇక్కడ ట్రాఫిక్ తక్కువ, చావులు ఊరికొకటి చొప్పున చెదిరి ఉంటాయి. ఒకే రకం తప్పు, ఉదాహరణకు ఏటవాలు పల్లె రోడ్డు, నలభై కిలోమీటర్లలో ముప్పై చోట్ల ఉంటే ఏ ఒక్కటీ బ్లాక్‌స్పాట్ కాదు. కాబట్టి చోటును కాక, తప్పు రకాన్ని పట్టుకుని రోడ్డంతా సరిచేయాలి. పోలీసులు ప్రమాదాలు నమోదు చేసే ఈ–డార్ ఆన్‌లైన్ వ్యవస్థలో ప్రమాదం జరిగిన చోటును ఫోన్‌తో గుర్తించి, ఎలా గుద్దుకున్నాయో సరిగ్గా నమోదు చేస్తే ఆ రకాలు బయటపడతాయి. "అతివేగం, అజాగ్రత్త" అని ఒక్క ముక్కతో ముగిస్తే బయటపడవు.

అంచు దగ్గర నాలుగు వేళ్ళు

వాడుకలోకి వచ్చాక రోడ్డుకు మన ఊళ్ళ నుంచే కొన్ని దెబ్బలు తగులుతాయి. దమ్ము చేసిన ట్రాక్టరు ఇనుప కేజ్ వీల్స్ విప్పకుండా పొలం నుంచి పొలానికి తారు మీద నడిస్తే, ఆ పళ్ళ గాట్లలో తర్వాతి వానకు నీళ్ళు దిగుతాయి. పంచాయతీ పైపు కోసం అడ్డంగా కోసిన కందకాన్ని మట్టితో పూడ్చి వదిలేస్తే అది లోతట్టయి బైకును విసిరేస్తుంది. వడ్లూ మొక్కజొన్నలూ ఒక వరుసంతా ఆరబోసి, చుట్టూ రాళ్ళు పేర్చి, రాత్రి నల్ల టార్పాలిన్ కప్పితే, డిమ్ కొట్టని ఎదురు బండి వెలుగులో ఆ కుప్ప కనబడదు. రైతుకు కల్లం లేకే రోడ్డెక్కాడు. ఊరికో ఆరబోత కల్లం కట్టడాన్ని రోడ్డు భద్రత పనిగానే లెక్కవేయాలి.

అన్నిటికంటే నిశ్శబ్దంగా చంపేది అంచు. ఐదారేళ్ళకోసారి పై పొర వేస్తారు, 40 మిల్లీమీటర్లో 50 మిల్లీమీటర్లో. రెండు పొరలయ్యేసరికి తారు అంచు, పక్క మట్టి కంటే నాలుగు వేళ్ళు పైకి లేస్తుంది. లారీ హారన్‌కు పక్కకు తప్పుకున్న బైకు ముందు చక్రం కింద పడుతుంది. మళ్ళీ ఎక్కించబోతే చక్రం అంచుకు రాసుకుంటూ పోయి, ఒక్కసారిగా ఎక్కి, బండి అడ్డం తిరిగి వరుసలో పడుతుంది. వెనక లారీ ఉంటుంది. రికార్డులో అది "బైకు అదుపుతప్పి" అని ఉంటుంది.

దీనికి కావాల్సింది బెర్మ్‌ను తారు మట్టానికి లేపి తొక్కించడమే. ఒక కిలోమీటరుకు, రెండు పక్కలా మీటరున్నర వెడల్పు బెర్మ్, 50 మిల్లీమీటర్ల ఎత్తు: 150 ఘనపు మీటర్ల గ్రావెల్. తొక్కుడులో తగ్గేది కలుపుకున్నా పదిహేను, పదహారు టిప్పర్లు. పై పొర ఎస్టిమేటులో ఇది విడి ఐటమ్‌గా ఉండాలి, తారు పడ్డ వారంలోపు పూర్తి కావాలి. ఫైనల్ బిల్లుకు ముందు ప్రతి రెండు వందల మీటర్లకూ అంచు దగ్గర స్కేలు పెట్టి కొలిచి, ఆ అంకెను కొలతల పుస్తకంలో (ఎంబీ) రాయాలి.